దారం కట్టని కాయలు

రాజోలి,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

చిరంజీవి పూజకు,

మీ అవ్వ దీవెనలు. ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం, వేళకు తింటున్నాం. నువ్వు మాత్రం వేళకు తినడం లేదని నీ చేతిరాతే చెబుతోంది. పేజీ చివరకు వచ్చేసరికి అక్షరాలు కిందికి జారుతున్నాయి. ఆరో తరగతిలోనూ ఆకలేస్తే అట్లాగే రాసేదానివి.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నీ గదిలో ఉండే సిద్రా నవ్వుతోందని రాశావు. నవ్వనీ. మన ఇంట్లో ఫోన్ అంటే హాల్లో స్పీకరు పెట్టి మాట్లాడేది. నీకు చెప్పాలనుకున్నది మీ నాన్నకు, మీ నాన్నకు చెప్పకూడనిది టీ తాగడానికి వచ్చిన వాడికి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి మందుల కంపెనీలో పనిచేస్తోంది కనుక నీకు మంచి తోడు. నా మాటగా ఆమెకు దీవెనలు చెప్పు.

నీ మూడు ఇంటర్వ్యూల సంగతి రెండుసార్లు చదివాను. నేను వనపర్తిలో, పాన్‌గల్‌లో, నాగర్‌కర్నూల్‌లో పిల్లల పేపర్లు దిద్దుతూనే తల నెరిసినదాన్ని. జవాబు కనబడితే మార్కులు వేయకుండా ఉండలేను. కోపం తెచ్చుకోకు.

మొదటిది టీకాల కంపెనీ. ఏమీ పెరగకూడని ప్లేటులో సూక్ష్మజీవుల చుక్క ఒకటి కనిపిస్తే ఏం చేస్తావని అడిగారు. ఆ ప్లేటు పారేసి పరీక్ష మళ్ళీ చేస్తానన్నావు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని నీ ఫైలు మూసేశారు. ఎందుకు మూశారో నీకు హాస్టలుకు వచ్చాక సిద్రా చెబితే గాని అర్థం కాలేదు. అక్కరకు రాని ఫలితాన్ని పారేసేవాళ్ళు ఆ పనికి పనికిరారు. ముందు పైవాళ్ళకు చెప్పాలి, ఎట్లా వచ్చిందో వెతకాలి, ఆ తర్వాతే మళ్ళీ చేయాలి. పదికి రెండు. ఆ రెండూ తడబడకుండా చెప్పినందుకు.

రెండో చోట ఒక ల్యాబ్ పుస్తకంలోని పేజీ చూపించి ఇందులో తప్పేముందన్నారు. లెక్క సరిగ్గానే ఉంది సార్ అన్నావు. ఒక అంకె మీదనే ఇంకో అంకె దిద్ది ఉంది, అది నీ కంటికి ఆనలేదు. పాత అంకె కనిపించేట్టు ఒక్క గీత గీసి, పక్కన కొత్తది రాసి, సంతకం, తేదీ వేయాలని నీకు పలక వదిలిన రోజుల్లోనే చెప్పాను. సున్నా. ఇందులో దయ లేదు.

మూడో చోట ముగ్గురు కూర్చున్నారని, వాళ్ళలో ఒకాయన నీ ఊరి పేరు చూసి నవ్వాడని రాశావు. "గద్వాల దిక్కా? సీడ్ పత్తి ఏరియా గదా. ఆడ క్వాలిటీ అంటె విత్తనాలిచ్చే ఆర్గనైజర్ ఏది చెప్తె గదేనంట గద?" అన్నాడట. నువ్వు ఆయన కళ్ళలోకి చూసి, "మా నాయిన చేన్ల గట్ల గాదు సార్, దారం కట్టిన కాయనే ఏరుతం" అన్నావు. అనుభవం లేదని పంపించేశారు గాని, ఆ జవాబుకు నేను పదికి పది వేశాను. వేసి, పెన్ను పక్కన పెట్టేశాను.

ఎందుకో రాస్తాను. నా ఉత్తరాలు సిద్రాకు చదివి వినిపిస్తావు కదా, ఆ అమ్మాయికి కూడా తెలిసేట్టు రాస్తాను. విత్తనం కోసం వేసే పత్తిలో ప్రతి పువ్వూ మనిషి చేతి మీదుగా పోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని పుప్పొడి తీసేస్తాం. పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతాం. రుద్దిన పువ్వు కాడకు దారం కడతాం. దారం ఉన్న కాయ కంపెనీ అడిగిన విత్తనం. దారం లేనిది తనంతట తాను కట్టిన కాయ, దాని సంచి వేరు. ఈ రుద్దే పని, క్రాసింగ్, ముగిశాక వచ్చే పూలన్నీ తుంచేయాలి. ఇదంతా నువ్వు నడక నేర్చినప్పటి నుంచీ చూసిందే.

మొన్నటి అక్టోబరులో వాన పట్టింది. రాయచూరు వైపు నుంచి వచ్చిన కూలీలు పండుగకని పోయి మళ్ళీ రాలేదు. వెనక వచ్చిన పూలు తుంచే మనిషి లేడు. పత్తి ఏరే రోజుల్లో నేను చేనికి పోయి చూస్తే అన్ని కాయలూ ఒకే సంచిలో పడుతున్నాయి. ఇదేంది ప్రేమూ అని మీ నాన్నను అడిగాను. "నువ్వు బడిల మార్కులేసినట్టు గాదమ్మా ఇది. అందరు కలుపుతుండ్రు. నేనొక్కన్ని ఏరుకుంట కూసుంటె బస్తాలు నిండయి" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను చేనికి తీసుకుపోలేదు, మోకాళ్ళ నొప్పులని.

నువ్వు అంత గట్టిగా నిలబడి చెప్పిన మాట ఈ ఒక్క ఏడుకు నిజం కాదు. నీకు తెలియకుండా ఉంచడం నాకు చేతకాలేదు. మీ నాన్నను అడగకు. వాడు చెడ్డవాడు కాదు, అలసిపోయాడు.

ఇంకొకటి. సిటీలో ఎక్కడో డబ్బిస్తే రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితం ఇస్తారని, అందరూ తెచ్చుకుంటున్నారని రాశావు. తెచ్చుకున్నవాళ్ళ పేర్లు నాకు అక్కర్లేదు. నువ్వు తెచ్చుకోవద్దు.

వేళకు తిను.

మీ అవ్వ,
జములమ్మ


రాజోలి,
2 మార్చి 2025, ఆదివారం

చిరంజీవి పూజకు,

దీవెనలు. ఎండలు ముందే మొదలయ్యాయి. మీ అమ్మ ఒడియాలు పెట్టింది. నీ వాటా వేరే డబ్బాలో వేసి మూత మీద నీ పేరు రాశాను, లేకపోతే మీ నాన్న పప్పులోకి దొరకబుచ్చుకుంటాడు.

నాలుగో ఇంటర్వ్యూలో రాత పరీక్ష దాటి, మనుషుల ముందుకు వెళ్ళాక, "అనుభవం ఉన్నోళ్ళు ఇరవై మంది ఉన్నరు, నిన్నెందుకు తీసుకోవాలె" అని అడిగితే నోరు పెగలలేదని రాశావు. అది ప్రశ్న కాదు, పూజా. మనిషిని కూర్చోబెట్టి తోసేయడం. దానికి మార్కులు లేవు. ఆ రోజంతా హాస్టల్లో దుప్పటి కప్పుకొని పడుకున్నావట. ఒక్క రోజుకు సరే.

ఇప్పుడు ఇక్కడి సంగతి. మొన్న భీమన్న వచ్చాడు. మన విత్తనానికి ఆర్గనైజర్ వాడే కదా, కంపెనీకీ మనకూ నడుమ నిలబడే మనిషి. చిన్నప్పుడు నా బడిలోనే చదివాడు. తెలివైనవాడు, పక్కవాడి పలక చూసి రాసినా తప్పు లేకుండా రాసేవాడు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, నా ఎదుట ఎప్పటిలాగే గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"టీచర్, మన పూజమ్మ పట్నంల గా ఇంటర్వ్యూ గీ ఇంటర్వ్యూ అనుకుంట తిరుగుడెందుకు? గద్వాల్ల మన కంపెనీది కొత్త ల్యాబ్ పడ్డది. క్వాలిటీల ఒక పోస్టుంది. హైదరాబాద్ నుంచి మేనేజరొస్తడు. నేను మాట్లాడి పెట్టిన. ఇంటర్వ్యూ అనేది పేరుకే" అన్నాడు.

ఇంటర్వ్యూ పేరుకైతే అక్కడ చేసే పరీక్షలు కూడా పేరుకేనా అని అడిగాను. వాడు మీ నాన్న వైపు చూసి నవ్వాడు. "టీచర్ నోటికి నాడు జవాబు చెప్పలే, నేడు చెప్పలే" అన్నాడు. మీ నాన్న నవ్వలేదు. "అమ్మా, నువ్వు జర ఊకో" అన్నాడు. వాడు నన్ను అట్లా అనడం నీకు గుర్తుందా? నాకైతే లేదు.

మన బస్తాల నుంచి తీసిన నమూనాలు ఆ ల్యాబుకే పోయాయి. గింజను నూరి, అది అడిగిన జాతిదా కాదా అని అక్కడే తేలుస్తారట. భీమన్న టీ తాగుతూ, "ల్యాబ్ల మనోళ్ళు ఒకరుంటె నాకు ధైర్యం, మీకు ధైర్యం. రిపోర్టు మీద సంతకం బెట్టెటోళ్ళు మన బిడ్డైతే…" అని, ఆ మాట పూర్తి చేయకుండా కప్పు కింద పెట్టాడు. పూర్తి చేయక్కర్లేదు. గదిలో అందరికీ అర్థమైంది. మీ అమ్మకు కూడా అర్థమైంది గాని, ఆమె వేరే సంగతి పట్టుకుంది. "బిడ్డ కండ్ల ముంగట ఉంటది గదా అత్తమ్మ. నెలకు ఒక్కసారన్న ఇంటి కూడు తింటది" అంది. ఆమెను నేను ఏమనను?

నీకు మన ఇల్లు ఎక్కడ ఇరుక్కుందో తెలియాలి. ఈ గింజలను మనం బజారులో అమ్మలేం. విత్తనం భీమన్న ఇచ్చినది, తిరిగి తీసుకోవలసింది కూడా భీమన్నే. పరీక్షలో పోతే అవి నూనె మిల్లుకు పోతాయి. వచ్చే ఏడు మనకు విత్తనం ఇవ్వడు. వేరే ఆర్గనైజరూ ఇవ్వడు, వాళ్ళంతా ఒకరి మాట ఒకరు దాటరు. సీడ్ పత్తి తప్ప మీ నాన్నకు ఇంకో పంట మీద చేయి తిరగలేదు. వాడు రోజూ అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా ఫోన్ వైపు చూస్తూ కూర్చుంటున్నాడు, రిపోర్టు వచ్చిందంటారేమోనని.

నిన్ను రావద్దని రాయాలని ఈ కాగితం మొదలుపెట్టాను. రాయలేకపోతున్నాను. నాలుగు చోట్ల తలుపు వేయించుకున్నదానివి. నీ చదువుకు తగిన పని, నీ ఊరికి బస్సు దూరంలో దొరుకుతుంటే వద్దనడానికి నాకు ఏం హక్కు ఉంది? అది నిజంగా మంచి ల్యాబే కావచ్చు. ఆ మేనేజరు భీమన్న మాట వినేవాడు కాకపోవచ్చు.

కనుక రా. ఆ రోజు నేను కూడా మీతో గద్వాలకు వస్తాను. మీ నాన్న వద్దన్నా వస్తాను. అక్కడ ఏది అడిగితే దానికి ఉన్నది చెప్పు. నా సలహా అంతే, అంతకు మించి నాకు ఏదీ తోచడం లేదు.

నీ తెల్ల చుడీదారు ఇక్కడే ఉంది, ఇస్త్రీ చేయించి పెడతాను.

మీ అవ్వ,
జములమ్మ


రాజోలి,
8 ఏప్రిల్ 2025, మంగళవారం

చిరంజీవి పూజకు,

దీవెనలు. గద్వాల కంపెనీ వాళ్ళు నిన్ను తీసుకోవడం లేదని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను హాల్లోనే ఉన్నాను. నలుగురి మధ్య నీతో ఏం మాట్లాడను? అందుకే మాట్లాడలేదు. అవ్వకు కోపం వచ్చిందని అనుకున్నావట, మీ అమ్మ చెప్పింది. కోపం కాదు.

అన్నీ సరిగ్గానే చెప్పాను కదా అవ్వా, ఇంకేం కావాలి వాళ్ళకు అని ఏడ్చావు. ఆ రోజు నువ్వు లోపల, నేను బయట బెంచీ మీద. తలుపు సగం తెరిచే ఉంది. నువ్వు లోపల నుంచి చూసింది వేరు, నేను బయట నుంచి విన్నది వేరు. అది నీకు చెప్పాలి.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆ మేనేజరు, తన్వీర్ సార్, గట్టి మనిషి. పేరుకు చేసే ఇంటర్వ్యూ కాదని నాకు మొదటి ప్రశ్నకే తెలిసింది. "ఒక రైతు లాట్ల ముప్పై బస్తాలున్నయనుకో. నమూనా ఎట్ల తీస్తవమ్మా?" అన్నాడు. నువ్వు ప్రతి బస్తా పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీస్తానని, కలిపి పంచుతానని, రైతు పేరు కనబడకుండా నంబరు వేస్తానని చెప్పావు. పదికి పది.

"అనుకున్న దానికి తేడాగ ఫలితమొస్తే?" అన్నాడు. "మళ్ళ చెయ్యను సార్. ముందుగాల చెప్త. ఎట్ల వచ్చిందో చూసినంకనే మళ్ళ ముట్టుకుంట" అన్నావు. హైదరాబాదులో ఫైలు మూయించుకొని నేర్చుకున్న జవాబు అది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఇంకో అభ్యర్థి తల్లి, ఆ పిల్ల మీ మనవరాలా అని అడిగింది. అవునన్నాను. ఎంత సంతోషంగా అన్నానో నీకు చెప్పలేను.

ఆ తర్వాత ఆయన, "మీ ఇంటోళ్ళు గాని, దగ్గర సుట్టాలు గాని మాకు గింజలు పండిస్తున్నరా?" అని అడిగాడు. మీ నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడికి లోపలి మాట వినబడదు, అయినా అటే చూస్తున్నాడు.

"లేరు సార్" అన్నావు.

దానికి నేను మార్కులు వేయలేదు. ఇప్పుడూ వేయను. ఎందుకంటే అది నువ్వొక్కదానివి రాసిన జవాబు కాదు. పొద్దున జీపులో శాంతినగర్ దాటాక భీమన్న వెనక్కి తిరిగి నీకు నేర్పాడు. "లాట్ ఇప్పుడు మీ నాయిన పేరు మీద లేదు బిడ్డా. మీ మేనమామ రాములు పేరు మీదికి మార్పిచ్చిన. అడిగితే మా ఇంట్ల ఎవ్వరు లేరని చెప్పు. రాములుది వేరే ఇల్లు గద, అబద్ధం గూడ గాదు" అన్నాడు. మీ నాన్న ముందు సీట్లో తల తిప్పలేదు. అప్పుడు నువ్వు నా వైపు చూశావు. ఉత్తరంలో అంత కచ్చితంగా ఉన్నది చెప్పు అని రాసినదాన్ని, నేను కిటికీ బయటికి చూశాను. నీ పక్కనే కూర్చొని, నీ మోకాలికి నా మోకాలు తగులుతుండగా. ఆ జీపులో నేను ఒక్క మాట అని ఉంటే నువ్వు ఆ మాట అనేదానివి కావు.

తిరిగి వచ్చేటప్పుడు అయిజలో భీమన్న మిర్చి బజ్జీలు కొన్నాడు. అందరం తిన్నాం. మీ నాన్న నెలల తర్వాత నవ్వాడు. "మా క్వాలిటీ మేడంకు ఇంకో రెండెయ్యి" అని బండివాడితో అన్నాడు. నువ్వూ నవ్వావు, కానీ నీ బజ్జీ కాగితంలోనే మిగిలింది.

ఇప్పుడు ఇల్లు ఎట్లా ఉందో రాయాలి. నీ ఫోన్ వచ్చిన సాయంత్రమే భీమన్న వచ్చాడు. ఈసారి గోడకు ఆనుకోలేదు, కుర్చీలో కూర్చున్నాడు. "ఎవడో మంట బెట్టిండు. మేనేజర్‌కు లాట్ సంగతి ఎరికైంది. మీది ఈ ల్యాబ్ల చూడరంట, బయటి రాష్ట్రం పంపుతుండ్రంట. ఆడ నా చెయ్యి పనిజెయ్యది" అన్నాడు.

ఎవరు చెప్పారన్నది రెండు రోజులు నడిచింది. చివరకు బాలన్న మీదికి వచ్చింది. మన పక్క చేను బాలన్నే, నిన్ను భుజం మీద ఎక్కించుకొని తిప్పినవాడు. ఆ వారం అతను ఏదో పని మీద గద్వాలలో కనబడ్డాడట, అదే సాక్ష్యం. పోయిన ఏడు నీళ్ళ వంతు దగ్గర మాటామాటా అనుకున్నారు కదా, అది కారణమట. బాలన్న మన వాకిట్లోకి వచ్చి, "పూజమ్మ నీ బిడ్డనేనా ప్రేమన్నా, నా బిడ్డ గాదా? గసొంటి పని నేనెందుకు జేస్త?" అన్నాడు. "నీ మొకం జూస్తెనే తెలుస్తుంది పో" అన్నాడు మీ నాన్న. మొన్న చేను దగ్గర బాలన్న మన మోటరు కింద చెంబు పెడితే, మీ నాన్న వెళ్ళి మోటరు ఆపేశాడు. బాలన్న ఖాళీ చెంబు పట్టుకొని వెళ్ళిపోయాడట. ఇది చెప్పింది మీ అమ్మ, చెబుతూ తల దించుకుంది.

మీ నాన్న ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదు. తెల్లవారితే చేను, పొద్దు గూకితే మంచం. రిపోర్టు ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే ఏం వస్తుందో అందరికీ తెలుసు. తలుపులన్నీ తెరిచే ఉన్నా ఈ ఇంట్లో గాలి ఆడడం లేదు.

ఇక నీ మాట. ఏ ఇంటర్వ్యూకూ పోను, ఇంటికొచ్చి కూర్చుంటాను అన్నావు. టీకాల కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలిచారని, నువ్వు జవాబు ఇవ్వలేదని సిద్రా మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. ఫైలు మూసిన చోటికే మళ్ళీ ఏ ముఖంతో పోవాలని నీకు సిగ్గుగా ఉండవచ్చు. ప్లేటులో చుక్క కనిపిస్తే ఏం చేయాలో ఇప్పుడు నీకు తెలుసు, పోయి చెప్పు. గద్వాల ఇంటర్వ్యూ సంగతి అడిగితే అది కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఏం జరుగుతుందో నాకు తెలియదు. మళ్ళీ తలుపు వేయవచ్చు.

ఇంటికి మాత్రం ఇప్పుడు రావద్దు. వస్తే నిన్ను చూసి మీ నాన్న ఇంకా కుంగుతాడు, మీ నాన్నను చూసి నువ్వు కుంగుతావు. ఆ ఒడియాల డబ్బా రాయచూరు-హైదరాబాదు బస్సులో పోయే మనిషి దొరికితే పంపుతాను.

మీ అవ్వ,
జములమ్మ

తా.క. బాలన్న కాదు, పూజా. నేను.

నువ్వు పట్నం బస్సెక్కాక కంటి దవాఖానకని ఇంట్లో చెప్పి గద్వాలకు పోయాను. ల్యాబు గేటు దగ్గర పేరు చెప్పి, తన్వీర్ సార్ వచ్చేదాకా కూర్చున్నాను. రాములు పేరున ఉన్న లాట్ మాదేనని, ఆ అమ్మాయి తండ్రి పండించినదేనని చెప్పాను. దారం లేని కాయల సంగతి చెప్పలేదు. కన్న కొడుకు మీద అంతవరకు నోరు రాలేదు. అది గింజల్లోనే తేలుతుంది. ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. "ఎంత పని జేస్తివమ్మా. ఆ బిడ్డనే తీసుకుందామనుకున్న" అన్నాడు.

నిన్ను అడగకుండా చేశాను. అడిగితే నువ్వు వద్దనేదానివి, నేను ఆగిపోయేదాన్ని, జీపులో ఆగినట్టే. నీకు ఆ ఉద్యోగం వచ్చి ఉంటే ఆ ఒక్క "లేరు" పట్టుకొని భీమన్న ప్రతి పంటకూ నీ బల్ల ముందుకు వచ్చేవాడు. ఈ ఏడు మీ నాన్న బస్తాలు, మరుసటి ఏడు భీమన్న తమ్ముడివి. ఆ గదిలోంచి నువ్వు ఎట్లా బయటపడతావో నాకు తోచలేదు. ఈ లాట్ పోతే మన ఇల్లు ఎట్లా బయటపడుతుందో, అది కూడా తోచలేదు. రెండింటిలో ఒకటి ఎంచుకున్నాను. నువ్వు నన్ను క్షమించనక్కర్లేదు.

ఈ కవరు ఇప్పుడే నేనే తీసుకుపోయి పోస్టు డబ్బాలో వేస్తాను. వేసి, అటు నుంచి అటే చేనికి పోయి, బాలన్నను పిలిచి, అతని ఎదుటనే మీ నాన్నకు చెప్తాను. ముందు చేనికి పోతే వాడు నన్ను పోస్టు డబ్బా దాకా పోనివ్వడు, ఇది నీకు చేరదు.